హనుమకొండ నాణేల మేళాకు వస్తున్నా, శనివారం రాత్రి ఎక్కడ పండుకోవాలి?

గళ్లసంచి (మంచిర్యాల)
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి. వచ్చే నెల రెండో శని, ఆదివారాలు హనుమకొండలో జరిగే నాణేల మేళాకు మా అబ్బాయిని తీసుకుని రావాలనుకుంటున్నా. వాడు తొమ్మిదో తరగతి. మా తాత ట్రంకు పెట్టెలో దొరికిన చార్మినార్ రూపాయితో మొదలుపెట్టాడు, ఇప్పుడు ఇంట్లో పోపుల డబ్బా కూడా ఖాళీ లేదు.

పగటి సంగతి సరే, శనివారం రాత్రి ఎక్కడుండాలో తేలట్లేదు. మేళా వాళ్లకు ఫోన్ చేస్తే ఫంక్షన్ హాల్ పైఅంతస్తులో పరుపులు వేస్తాం, ఎవరైనా ఉండొచ్చు, డబ్బులేం వద్దు అన్నారు. వరంగల్ స్టేషన్ ముందర లాడ్జిలో నాన్ ఏసీ డబుల్ 900 చెప్పారు. ఇంకో దారి, వాట్సాప్‌లో పరిచయమైన ముగ్గురు హనుమకొండ చౌరస్తా దగ్గర రూము తీసుకుంటున్నారు, మీరిద్దరూ వస్తే ఎక్స్‌ట్రా బెడ్ వేయిద్దాం అంటున్నారు, మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నాకేమో కొత్త చోట రెప్ప పడదు. దానికి తోడు సంచిలో మార్పిడికి తెచ్చే నాణేలు ఉంటాయి కదా, అవి రాత్రి ఎక్కడ పెట్టాలి? మా ఆవిడ అయితే సంచి మీద పెట్టే ధ్యాస పిల్లాడి మీద పెట్టండి అని ఒక్క మాటలో తేల్చేసింది. పోయి వచ్చినవాళ్లు చెప్పండి.


నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)
సోమవారం, రాత్రి 9:40

హాల్లోనే పండుకో అన్నా. ఇరవై ఏండ్లు గనిలో మూడు షిఫ్టులు తిరిగినోడిని, నాకు సిమెంటు బస్తా మీద కూడా నిద్రొస్తది. చద్దరు ఒకటి తెచ్చుకో, అంతే.


అణా_అక్క (కరీంనగర్)
సోమవారం, రాత్రి 9:58

నైట్‌షిఫ్ట్ తమ్మీ, నీ నిద్ర లెక్క అందరికీ పనికిరాదు. నువ్వు పోయినసారి మధ్యాహ్నం వేలం జరుగుతుంటే కుర్చీలోనే నిద్రపోయావు, నీ పేరు మీద ఎవరో చెయ్యెత్తితే నీకే తెలియలేదు.

గళ్లసంచి గారూ, ముందు ఒక్క విషయం. మీ హాలు హనుమకొండలో, లాడ్జి వరంగల్ స్టేషన్ దగ్గర. కొత్తవాళ్లంతా ఇక్కడే పొరపడతారు. మంచిర్యాల నుంచి హైదరాబాద్ వైపు పోయే బండ్లు చాలావరకు కాజీపేటలో ఆగుతాయి, హనుమకొండకు అక్కడి నుంచి ఆటో దగ్గర. మీరు వరంగల్ దాకా పోయి, లాడ్జిలో సామాను పెట్టి, మళ్లీ వెనక్కి హనుమకొండ వచ్చి, రాత్రి పదికి మళ్లీ అటు పోయి... ఆటోలకే 900 అవుతుంది. కాజీపేటలో దిగండి.


చిల్లరకొట్టు (జగిత్యాల)
సోమవారం, రాత్రి 10:21

ఆ ముగ్గురితో రూము గురించి ఎవరూ అడగట్లేదేం? నేను చెప్తా. ఐదుగురు ఒక డబుల్ రూములో ఉండటమంటే పేరుకే రూము, అసలు నడిచేది సంత. మేళాలో అసలు బేరాలు టేబుళ్ల మీద జరగవు, ముందు రోజు రాత్రి రూముల్లో జరుగుతాయి. తలుపు తీసి ఉంటుంది, ఒకడు వస్తాడు, మంచం మీద నల్ల గుడ్డ పరిచి సరుకు పెడతాడు, లెన్సు తీస్తాడు, ఇంకొకడు టీ తెప్పిస్తాడు. ఒంటిగంట దాకా ఇదే. నాగపూర్ నుంచి వచ్చే డీలర్లు దిగిన అంతస్తులో రూము దొరికితే మీకు నిద్ర సున్నా. మంచి నాణెం కావాలనుకునేవాడు అదే అంతస్తు అడిగి మరీ తీసుకుంటాడు, అది వేరే కథ.

కాబట్టి మీకు కావాల్సింది నిద్రా, నాణెమా ముందు తేల్చుకోండి.


గళ్లసంచి (మంచిర్యాల)
సోమవారం, రాత్రి 10:35

మావాడు ఇది చదివి "నాన్నా ఆ అంతస్తే" అంటున్నాడు. ఫోన్ లాక్కున్నా.


తపాలాబిళ్ల (నిజామాబాద్)
మంగళవారం, ఉదయం 6:05

నేను స్టాంపుల మనిషిని, అయినా పడక బాధ అందరికీ ఒకటే. నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, నర్సుని.

కొత్త చోట రెప్ప పడకపోవడం మీ ఒక్కరి సంగతి కాదు. మొదటి రాత్రి మెదడు ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదని, కాపలా కుక్కలాగా చప్పుళ్లు వింటూనే ఉంటుందని 2016లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు చూశారు. రెండో రాత్రికి ఆ తేడా తగ్గుతుంది. అంటే ఒక్క రాత్రి కోసం వచ్చేవాళ్లకే ఎక్కువ నష్టం! వీలైతే శుక్రవారమే రండి, ఆ పాడు రాత్రి ఏదో అప్పుడే అయిపోతుంది, శనివారం నిద్ర పడుతుంది. కుదరకపోతే ఇంటి నుంచి దిండు గలీబు తెచ్చుకోండి, ఉతికినది కాదు, రోజూ వాడేది. ఇంటి వాసన ముక్కుకు తగిలితే నాకు చాలా తేడా తెలిసింది. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ముక్కలు మెడికల్ షాపులో దొరుకుతాయి, వేళ్లతో సన్నగా నలిపి, చెవి పైకి లాగి పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఊరికే దోపితే గురక దర్జాగా లోపలికి వస్తుంది.

లాడ్జి అయినా హాలైనా ముందు పరుపు అంచు కుట్లు, మూలలు సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. నల్లని చుక్కలు కనిపిస్తే అవి నల్లులవే. సంచి నేల మీద, మంచం మీద పెట్టకండి, కుర్చీ మీద పెట్టండి. మీరు ఇంటికి మోసుకెళ్లేది నాణేలు ఒక్కటే అయితే బాగుంటుంది.


హాలీసిక్కా (హనుమకొండ)
మంగళవారం, ఉదయం 8:30

పెద్దవాడిని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

హాల్లో గురక పెట్టే ఆ "సారు" ఎవరని ఏళ్లుగా చర్చ నడుస్తోంది. నేనే. దాచేదేమీ లేదు. డాక్టరు నిద్రలో ఊపిరి ఆగుతోందని చెప్పి సీపాప్ మెషిన్ ఇచ్చాడు, ముక్కుకు మాస్కు, గొట్టం, పక్కన చిన్న పెట్టె. అది నడిస్తే చప్పుడు ఫ్యాను కంటే తక్కువ. కానీ దానికి ప్లగ్గు కావాలి. కిందటి మేళాలో హాల్లో నలభై మందికి నాలుగు ప్లగ్గులు. రాత్రి రెండింటికి ఎవరో మహానుభావుడు నా ప్లగ్గు పీకి తన ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాడు. గాలి ఆగింది, నేను లేవలేదు, గురక లేచింది. మిగిలిన హాలంతా లేచిందట. తెల్లారి టీ దగ్గర ఒక్కడూ నా మొహం చూడలేదు.

కాబట్టి గళ్లసంచి గారూ, హాల్లో పడుకోదల్చుకుంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకోండి. మీకు పుణ్యం, నాకు ఊపిరి.

ఇక నాణేల సంచి. కిందటి తరంలో మేము తలకింద పెట్టుకునేవాళ్లం. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. రెండొందల రూపాయలంటే రెండు కిలోల మూడొందల పైనే. అది తలకింద పెట్టుకుని ఎనిమిది గంటలు పడుకుంటే మెడ మూడు రోజులు అటే చూస్తుంది. వెండి భద్రంగానే ఉంటుంది, అదొక్కటే లాభం. ఇంకోటి, కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేయకండి, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది.


నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)
మంగళవారం, ఉదయం 8:44

సారూ... ఆ మహానుభావుడిని నేనే. దండం. ఫోన్ రెండు శాతం ఉండె, చీకట్లో అది మీ మెషిన్ అని ఎరుక లేదు, దోమల మందు అనుకున్నా.


హాలీసిక్కా (హనుమకొండ)
మంగళవారం, ఉదయం 8:51

తెలుసు నాయనా. నీ చార్జరు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.


అణా_అక్క (కరీంనగర్)
మంగళవారం, మధ్యాహ్నం 1:15

నవ్వుకున్నాం, బాగుంది. ఇప్పుడు ఒకటి అడుగుతా. "ఎవరైనా ఉండొచ్చు" అన్నారు కదా మేళా వాళ్లు. ఆ "ఎవరైనా"లో ఆడవాళ్లు ఉన్నారా?

పదకొండేళ్లుగా మేళాలకు తిరుగుతున్నా. మొదట్లో ఒక్కదాన్నే, ఇప్పుడు మేం పది మందిమి దాకా ఉన్నాం, అందులో ఇద్దరు ఇంటర్ పిల్లలు. ప్రతిసారీ మగవాళ్లు ఉచితంగా హాల్లో, మేము ఎవరికి వాళ్లం లాడ్జిలో సింగిల్ రూము 1,200 పెట్టి. రాత్రి పదకొండింటికి ఒంటరి ఆడమనిషి చిల్లర నాణేల సంచితో రిసెప్షన్ ముందు నిలబడితే ఆ కుర్రాడు ఆధార్ కార్డు రెండు సార్లు తిప్పి చూస్తాడు, "ఏం పని మీద వచ్చారు మేడం" అంటాడు. నాణేల పని అంటే నమ్మడు. ఒక ఊళ్లో ఒక లాడ్జిలో అయితే ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వం అని మొహం మీద చెప్పారు, అప్పటికే రాత్రయింది, మా పిన్ని వాళ్లమ్మాయి అదే ఊళ్లో ఉండబట్టి గట్టెక్కా. ఖర్చు, అవమానం రెండూ మా వాటాయే. ఇందుకే చాలామంది ఆడవాళ్లు శనివారం సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోతారు, ఆదివారం వేలంలో మాకు చోటే ఉండదు.


చిల్లరకొట్టు (జగిత్యాల)
మంగళవారం, మధ్యాహ్నం 2:02

అక్కా నిజమే కానీ హాల్లో గది లేదు కదా వాళ్లు మాత్రం ఏం చేస్తారు.


అణా_అక్క (కరీంనగర్)
మంగళవారం, మధ్యాహ్నం 2:09

పెండ్లి చేసే హాల్లో పెండ్లికూతురు గది ఉండదా? బాత్రూంతో సహా ఉంటుంది. తాళం వేసి పెడతారు, అందులో బ్యానర్లు, కుర్చీలు పెడతారు. నేను చూశా.


వంకీల అంచు (హనుమకొండ)
మంగళవారం, సాయంత్రం 7:30

మేళా వలంటీర్ని. ఆఫీసు నుంచి వచ్చి ఇప్పుడే చూశా. అక్క చెప్పింది నిజం, పెండ్లికూతురు గది ఉంది, బ్యానర్లు కూడా మేమే పెట్టాం. కమిటీలో పెద్దలతో మాట్లాడా. ఈసారి ఆ గది ఆడవాళ్లకు, లోపల గడియ, ఆరు పరుపులు. పదిమంది వస్తే పక్కన వరుని గది కూడా ఖాళీ చేయిస్తాం, డీలర్ల పెట్టెలు కిందికి మారుస్తాం. పేర్లు ముందుగా పంపితే చాలు.

మగవాళ్ల హాలు సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్తా, తర్వాత తిట్టుకోవద్దు. పరుపులు అద్దె పరుపులు, పల్చన. దుప్పట్లు మేం ఇవ్వం. బాత్రూములు రెండు, పైన ట్యాంకు చిన్నది, పొద్దున ఆరున్నర దాటితే నీళ్లు సన్నగా వస్తాయి, ఐదింటికి లేచినవాడు రాజు. లైట్లు పదకొండుకు ఆపేస్తాం. ఇంకోటి చెప్పాలి, దాచితే పాపం. ఆ శనివారం మంచి ముహూర్తం ఉందట. ఎదురు వీధి హాల్లో పెండ్లి. బరాత్ ఎన్నింటికి కదులుతుందో మన చేతిలో లేదు.


తపాలాబిళ్ల (నిజామాబాద్)
మంగళవారం, సాయంత్రం 7:48

బరాత్ డీజేకి చెవిలో పెట్టే ఫోమ్ పనిచేయదు. గుండెలోంచి వస్తుంది ఆ చప్పుడు.


నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)
మంగళవారం, రాత్రి 8:10

పోయి రెండు స్టెప్పులేసి వద్దాం, అలిసిపోతే నిద్రొస్తది.

గళ్లసంచి అన్నా, ఇంకో ఉపాయం. స్టేషన్లో రిటైరింగ్ రూము. రైల్వే వాళ్లదే, లాడ్జి కంటే అగ్గువ. కాకపోతే కన్ఫర్మ్ గానీ ఆర్‌ఏసీ గానీ అయిన టికెట్ పీఎన్‌ఆర్ నంబరు ఉంటేనే ఇస్తరు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ టికెట్ మీద వస్తే దొరకది, రిజర్వేషన్ చేయించుకో. డార్మిటరీ మంచం దొరికితే ఇంకా అగ్గువ, బండ్ల చప్పుడు ఉంటది మరి, మైకుల మాట్లాడుతనే ఉంటరు.


చిల్లరకొట్టు (జగిత్యాల)
మంగళవారం, రాత్రి 8:31

బండ్ల చప్పుడు నాకు జోలపాట. మా ఊరికి రైలు వచ్చిందే ఆలస్యంగా, ఆ ముచ్చట ఇంకా తీరలేదు.

లాడ్జి తీసుకునేవాళ్లకు ఒక మాట. చెకౌట్ ఎట్లా అని ముందే అడగాలి. కొన్నింట్లో దిగిన గంట నుంచి 24 గంటలు, కొన్నింట్లో ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి. శనివారం రాత్రి పదింటికి దిగి ఆదివారం పన్నెండుకు వేలం మధ్యలో లేచి సామాను తెచ్చుకోవడానికి పరుగెత్తితే... నాకైంది. అప్పుడే కోటిలింగాల వైపు దొరికినట్టున్న శాతవాహన సీసం నాణెం ఒకటి బల్ల మీదికి వచ్చింది, ఏనుగు బొమ్మ, నేను లాడ్జి మెట్ల మీద.


హాలీసిక్కా (హనుమకొండ)
మంగళవారం, రాత్రి 9:00

కోటిలింగాల అంటే మామూలు ఊరు కాదు బాబూ, శాతవాహన వంశానికి మొదటివాడు శ్రీముఖుడి నాణేలు దొరికిన చోటు. అతని పేరు నాణెం మీద "చిముక" అని ఉంటుంది. అంతకు ముందు గోబద, నరన, కంవాయ, సమగోప అని స్థానిక రాజుల నాణేలు కూడా అక్కడే...


మోడరేటర్
మంగళవారం, రాత్రి 9:04

సారూ, చాలా మంచి విషయం, దానికి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ పడక గురించే. అన్నట్టు ఎవరి సంచిలో ఏముంది, ఎంత విలువ, ఏ రూములో దిగుతున్నారు అనేవి ఇక్కడ రాయకండి. ఇది అందరూ చదివే చోటు.


తపాలాబిళ్ల (నిజామాబాద్)
మంగళవారం, రాత్రి 9:30

మోడరేటర్ గారు చెప్పింది అతి ముఖ్యం. లాడ్జిలో కూడా అంతే. లిఫ్టులో, రిసెప్షన్లో "వెండి" "బంగారం" మాటలు ఎత్తకండి. బిళ్లలు, పుస్తకాలు అనండి.

నా పద్ధతి చెప్తా. బయల్దేరే ముందు ప్రతిదానికీ రెండు వైపులా ఫోటో తీసి, కాగితం మీద వరుసగా రాసి, ఆ కాగితం ఇంట్లోనే పెట్టి వస్తా. రిసెప్షన్ లాకర్లో పెడితే రసీదు అడుగుతా, రసీదు లేదంటే పెట్టను. తినడానికి పోయేటప్పుడు సంచి రూములో ఉంచను, చిన్న భుజం సంచి, ఒంటి మీదే. అన్నిటికంటే పెద్ద కిటుకు, తక్కువ తీసుకురావడం. మార్పిడికి పనికొచ్చే డూప్లికేట్లు (నకిలీవి కాదు, మన దగ్గర ఒకటికి మించి ఉన్నవి) తప్ప మంచివి ఇంట్లో ఉంచి ఫోటో చూపించండి. కావాల్సినవాడు మీ ఊరికే వస్తాడు. సంచి తేలికైతే నిద్ర కూడా తేలిగ్గా వస్తుంది, ఇది ఏ యూనివర్సిటీ వాళ్లూ చెప్పలేదు, నేనే చెప్తున్నా.


గళ్లసంచి (మంచిర్యాల)
బుధవారం, రాత్రి 10:15

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు, అందరికీ దండాలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. లాడ్జి వదిలేశా, ఆ ముగ్గురికి కూడా మర్యాదగా చెప్పేశా, మీరు రాత్రంతా బేరాలాడుకోండి, మేం పొద్దున కలుస్తామని. హాల్లోనే ఉంటాం. కారణం ఏంటంటే, మావాడికి ఇంతవరకు ఈ పిచ్చి వాడొక్కడికే అనిపిస్తోంది. బడిలో నాణేల గురించి మాట్లాడితే స్నేహితులు నవ్వుతారట. నలభై మంది ఇదే పిచ్చి ఉన్నవాళ్ల మధ్య ఒక్క రాత్రి పడుకుంటే వాడికి మంచిదేమో అనిపించింది. నా నిద్ర పోతే పోయింది. మంచివి ఇంట్లోనే ఉంచుతున్నా, అరవై డూప్లికేట్లు మాత్రం తెస్తున్నా. ఎక్స్‌టెన్షన్ బోర్డు కొన్నా, ఐదు మీటర్లది.

రెండో శనివారానికి మేడారం జాతర ఏమైనా అడ్డమొస్తుందా, బస్సులు, రూములు?


వంకీల అంచు (హనుమకొండ)
బుధవారం, రాత్రి 10:40

లేదన్నా. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో. జాతర వారాల్లో అయితే మేళా పెట్టం, వరంగల్లో బస్సు సీటు కూడా దొరకదు, ఇక లాడ్జి ఎక్కడిది. కాజీపేట దర్గా ఉర్సు రోజులు కూడా చూసుకునే పెట్టాం. పెండ్లి ముహూర్తాలే మాకు చిక్కలేదు.


[మేళా అయిన తర్వాత]


గళ్లసంచి (మంచిర్యాల)
సోమవారం, రాత్రి 8:50

వచ్చేశాం. జరిగింది జరిగినట్టు రాస్తా, వచ్చే ఏడు ఎవరికైనా పనికొస్తుంది.

శనివారం పొద్దున కాజీపేటలో దిగాం, అక్క చెప్పినట్టు ఆటో దగ్గరే. పగలు గడిచింది. రాత్రి పదకొండుకు లైట్లు ఆపారు. సరిగ్గా పదకొండుంపావుకు బరాత్ మొదలైంది. కిటికీ అద్దాలు టకటకా కొట్టుకున్నాయి, పరుపు కింద నేల అదిరింది. చెవుల్లో ఫోమ్ పెట్టుకుంటే పాట వినపడలేదు గానీ తాళం మాత్రం పళ్లలో వినపడింది. పన్నెండున్నరకు ఆగింది. ఈలోగా నిద్ర రానివాళ్లందరం లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాం, ఎవరో ఫోన్ టార్చి వేశారు, ఎవరో ఆల్బమ్ తెరిచారు. మావాడు ఎవరి దుప్పటి అంచునో కూర్చుని నాలుగు మూలల రెండణా, వంకీల అంచు అణా పక్కపక్కన పెట్టి, చీకట్లో చేత్తో తడిమినా ఏ బిళ్లో తెలియాలని అలా చేశారా అని అడుగుతున్నాడు. జవాబు చెప్పింది హాలీసిక్కా సారు. మాస్కు తీసి మరీ చెప్పారు. మేం వింటూ కూర్చున్నాం. ఒంటిగంటన్నరకు మావాడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు.

సారు మెషిన్ నా ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదే నడిచింది, ఆ ప్లగ్గు మీద నైట్‌షిఫ్ట్ అన్న టేపు అంటించి "ముట్టొద్దు" అని రాశాడు. గురక లేదు. గురక పెట్టింది నైట్‌షిఫ్ట్ అన్నే.

నేను మూడు గంటలు పడుకున్నా. గలీబు పనిచేసింది, తపాలాబిళ్ల మేడంకి థ్యాంక్స్. పొద్దున నాలుగు ముప్పావుకే లేచి స్నానం చేసేశాం, నీళ్లు ధారగా వచ్చాయి. ఇక నిద్ర రాదని తెలిసి వాడిని తీసుకుని వేయిస్తంభాల గుడి దాకా నడిచాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఇంకా చీకటి ఉంది, ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేరు. తిరిగి వస్తూ బండి మీద ఇడ్లీ తిన్నాం. ఆ నడకకే ఇంకోసారి రావాలనుంది.

ఒక్క ఫిర్యాదు. ఫ్యాన్లు మూడు పనిచేయలేదు. దోమలు మాత్రం అన్నీ పనిచేశాయి.


అణా_అక్క (కరీంనగర్)
సోమవారం, రాత్రి 9:20

పెండ్లికూతురు గదిలో మేం ఎనిమిది మందిమి. లోపల గడియ, బాత్రూం, నిలువెత్తు అద్దం. బరాత్ మా కిటికీ కిందే తిరిగింది, మేమూ నిద్రపోలేదు. కానీ పదకొండేళ్లలో మొదటిసారి ఆదివారం వేలం చివరిదాకా కూర్చున్నా. ఇంటర్ పిల్లల్లో ఒకమ్మాయి నా మీద పై పాట పాడి ఉస్మాన్ అలీఖాన్ అర్ధరూపాయి పట్టుకుపోయింది. కోపం వచ్చింది, పక్కపక్క పరుపులు కదా, ఏమీ అనలేకపోయా.

వంకీల అంచు తమ్ముడూ, వచ్చేసారి గదిలో బకెట్లు రెండు పెట్టించు.


వంకీల అంచు (హనుమకొండ)
సోమవారం, రాత్రి 9:33

బకెట్లు రాసుకున్నా. ఫ్యాన్లు హాలు ఓనరుకు చెప్పా, "చూద్దాం" అన్నాడు, అంటే మనమే స్టాండు ఫ్యాన్లు అద్దెకు తేవాలి.


చిల్లరకొట్టు (జగిత్యాల)
సోమవారం, రాత్రి 9:47

నేను మళ్లీ డీలర్ల అంతస్తులోనే దిగా. నిద్ర సున్నా. నాణెం కూడా సున్నా. టీ బిల్లు 340.


గళ్లసంచి (మంచిర్యాల)
సోమవారం, రాత్రి 10:05

మర్చిపోయా. నీలం గళ్ల దుప్పటి ఒకటి మా సంచిలో వచ్చేసింది. మావాడు ఒరిగిపోయినప్పుడు ఎవరో కప్పినట్టున్నారు, పొద్దున చీకట్లో మాదే అనుకుని మడతపెట్టేశా. ఎవరిది?


నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)
సోమవారం, రాత్రి 10:11

నాదే అన్నా. తొందరేం లేదు, వచ్చే మేళాకు తే. ఒక మూల కొంగుకు ముడి ఉంటది, అండ్ల ఒక అణా కట్టి పెట్టిన, పిలగాడు చూసిండో లేదో.


గళ్లసంచి (మంచిర్యాల)
సోమవారం, రాత్రి 10:19

ఇప్పుడే ముడి విప్పాడు. వంకీల అంచుది. నిద్రపోనంటున్నాడు.